కుండీలో కరివేపాకు: "నీళ్లు పోస్తే చాలు" అన్నవాళ్లు ఒకసారి ఇటు రండి

మిద్దెతోట_సుజాత:
నాలుగేళ్లలో ఇది మూడో మొక్క, ముందు రెండూ చచ్చిపోయాయి. ఎల్బీనగర్‌లో నాలుగో అంతస్తు, బోరు నీళ్లు. పన్నెండు అంగుళాల కుండీలో ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు వేశాను. కొత్త చిగురే పసుపుగా వస్తోంది, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉన్నాయి. పది రోజులకు అంచులు మాడి రాలిపోతోంది. అదే నీళ్లకు పక్కన తులసి, కలబంద బాగానే ఉన్నాయి. నర్సరీలో "కరివేపాకా? చిన్నపిల్లలు కూడా పెంచుతారమ్మా" అన్నారు.

మంగళగిరి_రైతుబిడ్డ:
పుల్ల మజ్జిగలో నీళ్లు కలిపి వారానికోసారి పొయ్యండి. మా వైపు ఎకరాలకెకరాలు వేస్తారు. మా అమ్మ ఇంటి మొక్కకు మజ్జిగ తప్ప ఏమీ పొయ్యలేదు, అది దూలమంత లావైంది.

బత్తాయి_నల్గొండ:
నత్రజని తక్కువైతే ముందు ముదురాకు పండుతుంది. లేతాకు పసుపై ఈనెలు పచ్చగా ఉన్నాయంటే ఇనుము లోపం. మీ బకెట్ అంచున తెల్లటి పొర కడుతుందా? ఆ నీళ్లలోని సున్నం, బైకార్బనేట్ల వల్ల మట్టి క్షారమవుతుంది. అప్పుడు మట్టిలో ఇనుము ఉన్నా వేరు తీసుకోలేదు. కరివేపాకు, బత్తాయి ఒకే కుటుంబం, మా తోటలోనూ ఇదే గోల. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి, సాయంత్రం ఎండ చల్లబడ్డాక ఆకుల మీద పిచికారీ చెయ్యండి.

మంగళగిరి_రైతుబిడ్డ:
మజ్జిగ పులుపు కాదా? నిమ్మ ఉప్పు చేసే పని మజ్జిగ ఎందుకు చెయ్యదు? ముందు అది చెప్పండి.

బత్తాయి_నల్గొండ:
చేస్తుంది, కాసేపు. మర్నాడు మీరు పోసే రెండు చెంబుల బోరు నీళ్లు ఆ పులుపును కడిగేస్తాయి.

కావ్య_మియాపూర్:
మాకు మజ్జిగ పోస్తే చీమలు పట్టాయి.

డల్లాస్_పెరడు:
మా ఇంట్లో చలికి ఆకంతా రాలింది. నీళ్లు తగ్గించి కిటికీ దగ్గర పెడితే మార్చిలో చిగురేసింది. మీవి చలికాలంలో పోయాయా?

మిద్దెతోట_సుజాత:
లేదండీ, రెండూ ఏప్రిల్‌లోనే. తెల్లపొర బకెట్‌కే కాదు, కుండీ అంచుకీ ఉంది.

మంగళగిరి_రైతుబిడ్డ:
తప్పుగా అనుకోవద్దు, చేతివాసి అని కూడా ఒకటి ఉంటుంది. కొందరి చేతికి మొక్క రాదు.

మిద్దెతోట_సుజాత:
తప్పుగానే అనుకుంటున్నాను. పద్నాలుగేళ్లుగా మా అత్తగారి నోట ఇదే మాట వింటున్నాను. ఊళ్లో వాళ్ల పెరట్లో నేను నాటిన కరివేపాకు ఇప్పుడు గోడ దాటింది. "మా నేల అలాంటిది" అంటారు. బతికితే నేల గొప్ప, చస్తే నా చెయ్యి చెడ్డదా? ఇక్కడ కూడా అదే వినాలా?

బత్తాయి_నల్గొండ:
పెరట్లో వేరు లోతుకు పోతుంది, వాన నీళ్లు ఉప్పును కిందికి దింపుతాయి. కుండీలో వేరుకు దారి లేదు, పోసిన ప్రతి చెంబు ఉప్పూ అక్కడే పేరుకుంటుంది. రైతుబిడ్డ గారూ, మీ అమ్మగారి మొక్క కుండీలో ఉందా, నేలలోనా?

మంగళగిరి_రైతుబిడ్డ:
నేలలోనే. బావి నీళ్లు.
సుజాత గారూ, ఆ మాట అనకుండా ఉండాల్సింది. కానీ పొడి కలుపు, పిచికారీ చెయ్యి అంటే నాకు ఒళ్లు మండుతుంది. మా నాన్న మందుల కొట్టులో చెప్పినట్టే వారం వారం కొట్టాడు. కోసిన ఆకు మందు వాసన వస్తోందని మార్కెట్లో మొత్తం వెనక్కి పంపారు. ఆ రాత్రి మూటలు విప్పి గట్టు మీద పోశాం. కూరలో వేసుకునే ఆకు అది.

బత్తాయి_నల్గొండ:
అన్నభేది పురుగుమందు కాదు, ఇనుము లవణం. అయినా మీ భయం నాకు అర్థమైంది. పిచికారీ వద్దనుకుంటే వాన నీళ్లు పట్టి పొయ్యండి, కుండీ పెద్దది చెయ్యండి. పసుపెక్కిన చిగురు కోలుకోవడం మాత్రం ఆలస్యమవుతుంది.

మిద్దెతోట_సుజాత:
ఇప్పుడే కాండాన్ని గోటితో గీకి చూశాను. పైన ఎండింది గానీ జానెడు కింద పచ్చగా ఉంది. కాండం మొదలు దగ్గర ఒక పిలక కూడా వస్తోంది. అన్నభేది ఎక్కడ దొరుకుతుంది?

బత్తాయి_నల్గొండ:
ఎరువుల కొట్లో అడగండి. లేత ఆకుపచ్చ రంగులో ఉండాలి, తుప్పు రంగుకు తిరిగింది వద్దు.

మంగళగిరి_రైతుబిడ్డ:
కొట్టాక కొన్నాళ్లు ఆకు కొయ్యకండి. ఆ పిలకకు మాత్రం వాన నీళ్లే పొయ్యండి.