కమిటీ ముందు మాట్లాడేవాళ్లు ఎవరి తరఫున వచ్చారో ముందే చెప్పాలనే నిబంధన: డ్రాఫ్టు ఎలా రాయాలి?

గుణుపురం_పౌరుడు

నమస్కారం. మాది రాయగడ జిల్లా గుణుపురం. గనులు, మిల్లు కలప, నీటి కేటాయింపు లాంటి వాటి మీద అసెంబ్లీ కమిటీలు వచ్చినప్పుడు రైతు సంఘం పేరుతోనో, నిపుణులమనో కొందరు మాట్లాడి వెళ్తుంటారు. వాళ్లకి ఏ కంపెనీ ఫీజు ఇస్తోందో అడిగే ఏర్పాటు లేదు. మా ఎమ్మెల్యే గారు "డ్రాఫ్టు పట్టుకురండి, చూద్దాం" అన్నారు.

దీనికి ఇప్పటికే చట్టం ఏమైనా ఉందా? ప్రైవేటు బిల్లు (మంత్రి కాని సభ్యుడు పెట్టేది) పెట్టించడం మంచిదా, వేరే దారి ఉందా? ఫారంలో ఏం అడగాలి? మామూలు జనం అర్జీ పెట్టుకోవడానికి అదే అడ్డం కాకూడదు. తెలుగులో రాసిస్తే తీసుకుంటారా అన్నదీ చెప్పగలరు.

బరంపురం_వకీలు

చట్టం లేదండీ. 2013లో లోక్‌సభలో లాబీయింగ్ (ఒకరి లాభం కోసం నాయకుల్నీ అధికారుల్నీ ఒప్పించే పని) కార్యకలాపాల వెల్లడి బిల్లు ఒకటి వచ్చింది. పెట్టింది మన ఒడిశా ఎంపీయే, బొలంగీర్ నుంచి గెలిచిన కాళికేశ్ నారాయణ్ సింగ్ దేవ్. అది ప్రైవేటు మెంబరు బిల్లు, ఆ సభ గడువుతోనే మురిగిపోయింది. అంతకుముందు ఏడాది డిసెంబరులో వాల్‌మార్ట్ గొడవ పార్లమెంటుని కుదిపింది. భారత్‌లో పెట్టుబడుల అంశం కూడా కలిపి 2008 నుంచి లాబీయింగ్‌కి సుమారు 2.5 కోట్ల డాలర్లు పెట్టినట్టు ఆ కంపెనీ అమెరికాలో దాఖలు చేసిన కాగితాల్లోనే ఉంది. అక్కడి చట్టం మూడు నెలలకోసారి లెక్క చెప్పమంటుంది కనుక బయటపడింది. ఇక్కడ అడిగేవాళ్లు లేరు కనుక ఇక్కడి కాగితం ఒక్కటీ లేదు.

మన దగ్గర ఉన్న నిబంధనలన్నీ సభ్యుడి మీదే. రాజ్యసభలో 293వ రూలు కింద సభ్యుల ప్రయోజనాల రిజిస్టరు ఉంది: జీతం వచ్చే డైరెక్టరు పదవి, క్రమంగా ఆదాయమిచ్చే పని, కంపెనీని శాసించేంత వాటా, ఫీజు తీసుకునే సలహాదారు పని, వృత్తి ఒప్పందం. లోక్‌సభలో అలాంటి రిజిస్టరు లేదు. సొంత లాభమున్న సభ్యుడు ఓటేస్తే అక్కడి 371వ రూలు కింద అభ్యంతరం చెప్పొచ్చు, అంతే. లంచమైతే వేరే సంగతి. అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణ తర్వాత ఇచ్చినవాడికీ ఏడేళ్ల దాకా జైలు. ఓటుకో ప్రసంగానికో డబ్బు తీసుకున్న సభ్యుడికి సభా హక్కుల రక్షణ లేదని 2024 మార్చిలో సుప్రీంకోర్టు సీతా సోరెన్ కేసులో తేల్చింది. కానీ బయటివాడు కంపెనీ దగ్గర ఫీజు పుచ్చుకుని కమిటీ ముందు వాదిస్తే అది లంచం కాదు. ఏ సెక్షనుకీ చిక్కదు.

బిల్లు దారి మీద ఆశ పెట్టుకోకండి. పార్లమెంటులో ఇన్నేళ్లలో చట్టాలైన ప్రైవేటు బిల్లులు 14, ఆఖరిది 1970లో. రాజ్యాంగం 208వ అధికరణ ప్రకారం అసెంబ్లీ తన పని పద్ధతి రూల్స్ తనే రాసుకుంటుంది. కమిటీ సాక్షుల రూలులో ఒక ఉపనిబంధన చేర్చడానికి గవర్నరు సంతకం అక్కర్లేదు. మీ ఎమ్మెల్యే గారు అడగాల్సింది అదీ.

సిరొంచ_అన్న

వకీలు గారు చెప్పిన దారే సరి. ఫారం సంగతి నేను చెప్తా. మా గడ్చిరోలి దిక్కు గూడా ఇదే తంటా.

మొదటి మాట: 'లాబీయిస్టు అంటే ఎవరు' అని నిర్వచనం రాయకుండ్రి. అక్కడే అందరూ జారిపోతరు. బ్రిటన్ 2014 చట్టం బయటి కన్సల్టెంట్లనే పట్టుకుంది, కంపెనీ సొంత ఉద్యోగి దాంట్ల పడడు. అమెరికాల ఒక క్లయింటు కోసం చేసే పనిల 20 శాతం లాబీయింగే అయితేనే లాబీయిస్టు, అందుకని 19 కాడ ఆగేటోళ్లున్నరు. మనిషిని గాదు, పనిని పట్టుకోవాలె: కమిటీ ముందు నోటితోటి మాట్లాడే ఎవరైనా ఫారం నింపాలె.

రెండోది, అమెరికా ప్రతినిధుల సభ సాక్షుల రూలును అట్లనే దించుకోవద్దు. అక్కడ ప్రైవేటు సాక్షి ముందే కాగితం ఇయ్యాలె, నిజమే. కానీ అడిగేది ముఖ్యంగ కేంద్ర ప్రభుత్వ గ్రాంట్లు, కాంట్రాక్టులు, విదేశీ ప్రభుత్వాల సొమ్ము. ప్రైవేటు కంపెనీ ఫీజును అది అడగదు. మనకు కావాల్సిందే అది.

ఒక్క పేజీ చాలు. ఎవరి తరఫున మాట్లాడుతున్నరు. ఈ మెమొరాండం, అంటే కమిటీకి రాసిచ్చే కాగితం, తయారు చేసింది ఎవరు (ఇది తప్పకుండ పెట్టుండ్రి, మూడు సంఘాల అర్జీలు ఒకే కంప్యూటర్ల తయారైతయి). రానుపోను ఖర్చు, బస ఎవరిది. ఈ నిర్ణయంతోటి లాభమో నష్టమో వచ్చే సంస్థ నుంచి గత మూడేండ్లల మీకు గానీ, భార్య లేదా భర్తకు గానీ, మీ సంఘానికి గానీ ఫీజు, విరాళం, వాటా, కాంట్రాక్టు అందిందా. సంఘమైతే పోయిన ఏడాది ఆదాయంల 10 శాతం దాటి ఇచ్చినోళ్ల పేర్లు. ఆ 10 శాతం ఊరికే పెట్టింది గాదు, కంపెనీల చట్టం 90వ సెక్షను కింద కంపెనీ వెనకున్న అసలు లబ్ధిదారు యజమానిని తేల్చే కొలత గూడా అదే.

సొమ్ము ఖచ్చితంగ అడగకుండ్రి, 'వ్యాపార రహస్యం' అని ఆపేస్తరు. గళ్లు పెట్టుండ్రి: 50 వేల లోపు, 5 లక్షల లోపు, 50 లక్షల లోపు, ఆపైన. ప్రతి గడిల 'ఉంది' లేదా 'లేదు' చేత్తోటి రాయాలె. ఖాళీ ఇడిస్తే 'మర్చిపోయిన' అంటరు. 'నాకు తెలిసినంతవరకు' అన్న మాటను ఫారంల రానీయొద్దు.

కమిటీ కూర్చునే మూడు పనిదినాల ముందు ఫారం అందాలె, ఒక రోజు ముందు అసెంబ్లీ వెబ్‌సైట్ల పెట్టాలె. మాట్లాడే ముందు దాని సారం చదివి రికార్డుకెక్కించాలె. ఫారం ఇయ్యకుంటే రాతపూర్వక అర్జీ తీసుకుంటరు, నోటి సాక్ష్యానికి పిలవరు. అబద్ధం రాస్తే కమిటీ రిపోర్టుల ఆ పేరు, ఆ సంగతి అచ్చయితది, సభా హక్కుల కమిటీకి పంపొచ్చు. జైలు శిక్ష అడగొద్దు. శిక్ష ఎంత పెద్దదైతే అమలు అంత తక్కువైతది, రూలుతోటి జైలు పెట్టనూ రాదు.

గుణుపురం_పౌరుడు

చాలా ఉపయోగం అన్నా. రెండు సందేహాలు. గెస్ట్‌హౌసులో ఎమ్మెల్యేని ఒంటరిగా కలిసేవాళ్ల సంగతేంటి? గిరిజన గ్రామం నుంచి వచ్చినామె ఈ పేజీ ఎలా నింపుతుంది?

సిరొంచ_అన్న

గెస్ట్‌హౌసు ముచ్చట ఇప్పుడు కలపకుండ్రి. కెనడాల అట్లాంటి భేటీ జరిగితే మరుసటి నెల 15 లోపు రిజిస్టరుల ఎక్కించాలె, కానీ దానికి పూర్తి చట్టం, ప్రత్యేక కమిషనరు ఉన్నరు. మనం అడిగేది కమిటీ గది తలుపు కాడి వరకే.

రెండోదానికి, ఫారంల మొదటి వరుసనే ఇట్ల పెట్టుండ్రి: 'నా సొంత భూమి, కూలి, ఇల్లు గురించి మాట్లాడుతున్న, ఎవ్వరూ డబ్బు ఇయ్యలేదు.' దానికి టిక్కు పెట్టి వేలిముద్ర వేస్తే అయిపోయింది. చదివి వినిపించే పని కమిటీ సిబ్బందిది.

పర్లాకిమిడి_మాస్టారు

ఒక హెచ్చరిక. ఈ ఫారాన్ని గ్రామసభకీ, పర్యావరణ పబ్లిక్ హియరింగుకీ అంటించమని మాత్రం ఎవరూ అడగొద్దు. 2013లో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత నియమగిరి కొండల్లో బాక్సైటు తవ్వకం మీద రాయగడ, కలహండి జిల్లాల్లో 12 గ్రామసభలు జరిగాయి, పన్నెండూ తవ్వకం వద్దన్నాయి. అక్కడ 'ఫారం లేని వాళ్లని మాట్లాడనివ్వం' అని ఏ అధికారైనా అని ఉంటే ఎవరి నోరు మూతపడేదో మీకు తెలుసు. ఇది చట్టసభ కమిటీకే పరిమితం అని డ్రాఫ్టులో రాసేయండి.

ఇంకో చిక్కు ఎవరూ చెప్పలేదు. పార్లమెంటు కమిటీల ప్రకటనల్లో చూడండి, వచ్చిన మెమొరాండాలు గోప్యం అంటారు. సమాచార హక్కు చట్టం 8(1)(సి) కింద సభా హక్కులకి భంగమని కాపీ నిరాకరించవచ్చు. కాబట్టి వెల్లడి పత్రం మెమొరాండంలో భాగం కాదు, వేరే కాగితం, బహిరంగ పత్రం అని నిబంధనలోనే ఉండాలి. ఆ ఒక్క వాక్యం పోతే మిగతా కష్టమంతా బీరువా పాలు.

ఎమ్మెల్యే వెనక్కి తగ్గితే అర్జీల కమిటీ ఉంది. ఇక్కడ చాలా అర్జీలు రూపం దగ్గరే పోతాయి. లోక్‌సభ రూల్స్ ప్రకారం అర్జీ సభని ఉద్దేశించి ఉండాలి, చివర ఏం కావాలో స్పష్టంగా ప్రార్థన ఉండాలి, సభ్యుడు సభలో పెట్టే అర్జీ అయితే ఆయన కౌంటర్ సంతకం (అర్జీదారులతో పాటు తనూ చేసే సంతకం) చెయ్యాలి, అఫిడవిట్లూ ఉత్తరాలూ జత చెయ్యకూడదు. సంతకాలు రెండో కాగితానికి వెళ్తే ఆ కాగితం పైన కూడా ప్రార్థన మళ్లీ రాయాలి. ఉత్త సంతకాల షీట్లు కుట్టి ఇచ్చేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. మీరు మాత్రం ఒడిశా అసెంబ్లీ రూల్స్ పుస్తకం ముందు పెట్టుకునే రాయండి.

భాష గురించి: 350వ అధికరణ ప్రకారం బాధ చెప్పుకునే విజ్ఞాపన రాష్ట్రంలో వాడే ఏ భాషలోనైనా ఇవ్వొచ్చు. మన జిల్లాల్లో తెలుగు వాడుక భాషే కాబట్టి హక్కు ఉంది. అయినా అసెంబ్లీకి ఒడియా ప్రతి పైన పెట్టి, తెలుగుది కింద పెట్టండి. అనువాదం వాళ్లకి వదిలేస్తే నెలలు పడుతుంది, అర్థమూ మారుతుంది. రెండు ప్రతుల మీదా అర్జీదారు సంతకం ఉండాలి.

ఈలోగా ఎవరు ఎవరి మనిషో మీరే చూసుకోవచ్చు. కంపెనీ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో కంపెనీ ప్రాథమిక వివరాలు ఉచితం, అక్కడే డైరెక్టర్ల పేర్లు దొరుకుతాయి. సమాచార హక్కు దరఖాస్తుకి ఒడిశాలో ఫారం-ఎ తప్పనిసరి, గుర్తింపు రుజువు లేదని తిప్పి పంపుతారు. సిరొంచ వైపు వాళ్లకి మహారాష్ట్ర రూలు వేరు: ఒక దరఖాస్తుకి ఒకే విషయం, 150 మాటలు మించకూడదు.

బరంపురం_వకీలు

మాస్టారు చెప్పిన 'వేరే కాగితం' మాట ప్రార్థనలోనే పెట్టేయండి. ఈ పాటిది సరిపోతుంది: "కమిటీ ముందు నోటి సాక్ష్యం ఇచ్చే ప్రతి ప్రభుత్వేతర వ్యక్తీ అనుబంధం ప్రకారం ప్రయోజనాల వెల్లడి పత్రం సమర్పించాలనీ, ఆ పత్రం మెమొరాండంలో భాగం కాక బహిరంగ పత్రంగా ఉండాలనీ, సాక్ష్యానికి 24 గంటల ముందు ప్రచురించాలనీ రూల్స్ సవరించవలసిందిగా ప్రార్థన." అయితే జతలు పనికిరావన్నారు కదా, అనుబంధం అంటే అర్జీలోనే ప్రార్థనకి పైన గళ్లు గీసి చూపించాలి. వేరే షీటు కుట్టకండి. కౌంటర్ సంతకం కూడా జనం సంతకాలకి ముందే ఎమ్మెల్యే గారితో మాట్లాడి ఖాయం చేసుకోండి. రెండొందల సంతకాలయ్యాక ఆయన ఒక్క పదం మార్చమంటే మళ్లీ మొదటికే.