మా వాడు విమానాల డిగ్రీ అప్రెంటిస్‌షిప్ అంటున్నాడు, తెలిసినవాళ్లు చెప్పండి

తెనాలి కోడలు, బ్రిస్టల్:

అందరికీ నమస్తే. పోయిన ఆగస్టులో ఇంగ్లండ్ వచ్చాం, ఎనిమిది నెలలైంది. మా వారిది స్కిల్డ్ వర్కర్ వీసా, నేనూ అబ్బాయీ డిపెండెంట్లం. వాడు ఇయర్ 12 (మన ఇంటర్ మొదటి ఏడాది లాంటిది), మ్యాథ్స్, ఫిజిక్స్ తీసుకున్నాడు. ఊరి పక్కనున్న ఫిల్టన్ మీదుగా వెళ్లినప్పుడల్లా ఎయిర్‌బస్ విమానాల కంపెనీ వైపు చూపించి, యూనివర్సిటీ వద్దు, అక్కడ డిగ్రీ అప్రెంటిస్‌షిప్ చేస్తానంటాడు. అప్రెంటిస్ అంటే మాకు తెలిసింది ఐటీఐ పిల్లలు ఆర్టీసీ డిపోలో చేసేదే. మామగారికి ఫోన్లో చెబితే "బీటెక్ చదివించే స్తోమత లేక పనికి పెడుతున్నారా?" అన్నారు. అప్పటి నుంచి ఇంట్లో ఒకటే టెన్షన్. ఇది నిజంగా డిగ్రీయేనా? ఫీజు లేదంటే నమ్మొచ్చా?

రివెట్ పిల్ల:

ఆంటీ, నమస్తే. విమాన భాగాలు తయారుచేసే ఒక కంపెనీలో నేను చేసింది ఇదే, పోయినేడాది పూర్తయింది. కంపెనీలో ఉద్యోగం చేస్తూనే యూనివర్సిటీ డిగ్రీ చదవడం అన్నమాట. డిగ్రీ అసలు సిసలు డిగ్రీయే. నా పట్టా మీద యూనివర్సిటీ పేరుంది, అప్రెంటిస్ అన్న మాటే లేదు. ఫీజు లేదన్నదీ నిజమే. ఇక్కడి పిల్లలకు యూనివర్సిటీ ఫీజు 2025లో ఏడాదికి 9,535 పౌండ్లు చేశారు. అప్రెంటిస్‌కి ఆ ఖర్చు కంపెనీ, ప్రభుత్వం చూసుకుంటాయి. ఇదేమీ దానధర్మం కాదు. జీతాల బిల్లు ఏడాదికి 30 లక్షల పౌండ్లు దాటిన కంపెనీలు, దాటిన మొత్తం మీద 0.5 శాతం లెవీ (అప్రెంటిస్‌ల కోసం పన్ను) 2017 నుంచి కడుతున్నాయి. ఆ డబ్బుతోనే చదివిస్తారు. పైగా జీతం ఇస్తారు. చట్టం ప్రకారం అప్రెంటిస్ కనీస వేతనాన్ని 2025 ఏప్రిల్‌లో గంటకు 7.55 పౌండ్లు చేశారు. పెద్ద కంపెనీలు అంతకంటే బాగానే ఇస్తాయి.

కష్టం ఎక్కడుందో కూడా చెప్పాలి. మొదటి నెలంతా నేను విమానం మొహం చూడలేదు. వైస్‌లో ఒక ఇనుప దిమ్మ బిగించి, చేతికి ఆకురాయి ఇచ్చారు. దాన్ని చదునుగా రుద్దాలి. మూలమట్టం ఆనించి వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే మధ్యలోంచి సన్నటి గీతలా వెలుగు కనిపించకూడదు. కనిపిస్తూనే ఉండేది. అరచేతులు బొబ్బలెక్కాయి. ఇంట్లో అమ్మ కొబ్బరినూనె రాస్తూ "దీనికోసమా ఇంత దూరం వచ్చింది?" అని ఏడ్చింది.

తర్వాత టూల్స్. డ్రాయర్ లాగితే నురగ పలక ఉంటుంది, ఏ పనిముట్టుకి ఆ ఆకారంలో గుంత. షిఫ్ట్ అయ్యేసరికి ఒక్క గుంత ఖాళీగా ఉన్నా ఎవరూ కదలడానికి లేదు. చిన్న ముక్క రెక్కలోనో ఇంజిన్‌లోనో ఉండిపోతే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు కదా. రెండో ఏడు ఒకరోజు డ్రిల్ బిట్ పుటుక్కున విరిగింది. ఒక ముక్క దొరికింది, రెండోది దొరకలేదు. భయపడి దొరికిన ముక్క జేబులో వేసుకుని లంచ్‌కి పోయాను. తిరిగొచ్చేసరికి అందరూ టార్చిలు పట్టుకుని మోకాళ్ల మీద ఉన్నారు. అప్పుడు చెప్పాను. సూపర్‌వైజర్ అరవలేదు. ఫారం ఇచ్చి రాయమన్నాడు, "ఈసారి నేను డ్రాయర్ తెరవకముందే చెప్పు" అన్నాడు, అంతే. రెండో ముక్క ఇంకో గంటకి నా బూటు అడుగు గాడిలోనే దొరికింది. ఇప్పటికీ ఆ బూట్లు పారెయ్యలేదు నేను.

మాకు చదువు వారానికి ఒకరోజు ఉండేది, కొన్ని కంపెనీలు వారాల తరబడి ఒకేసారి పంపిస్తాయి. అసైన్‌మెంట్లు మాత్రం శని ఆదివారాలే. ఇవికాక చేసిన ప్రతి పనినీ ఫొటోలతో పోర్ట్‌ఫోలియోలో రాసుకోవాలి, ఇది బద్ధకిస్తే ఆఖరి ఏడాది గుండె ఆగుతుంది. మూడేళ్ల డిగ్రీకి నాలుగైదేళ్లు పడుతుంది. సెలవులు ఉద్యోగికి ఉన్నట్టే, వేసవి సెలవుల్లేవు. మా అక్క పెళ్లికి నేను పది రోజులే వెళ్లగలిగాను.

ఇంకొకటి, మీ వాడినే అడగండి: డిజైన్, తయారీ ఇష్టమా, లేక హ్యాంగర్‌లో (విమానాల షెడ్డులో) విమానం బాగుచేసి, ఎగరొచ్చని సంతకం పెట్టాలనుందా? రెండోదైతే డిగ్రీ సరిపోదు, ఇక్కడి విమానయాన నియంత్రణ సంస్థ సీఏఏ వాళ్ల పార్ట్-66 లైసెన్సు కావాలి. అందులో బీ1 అంటే మెకానికల్, బీ2 అంటే ఏవియానిక్స్ (విమానంలోని ఎలక్ట్రానిక్స్). మన దగ్గర ఏఎంఈ (ఎయిర్‌క్రాఫ్ట్ మెయింటెనెన్స్ ఇంజనీర్) అంటారే, ఆ దారి. చాలామంది ఈ రెండూ ఒకటే అనుకుంటారు.

మిల్టన్ కీన్స్ బాబాయ్:

చెల్లెమ్మా, అమ్మాయి చెప్పినవన్నీ నిజమే గానీ, మీకు అసలు మెలిక వీసా దగ్గరుంది. ఇంగ్లండ్‌లో ఈ ఖర్చు ప్రభుత్వం ఒప్పుకోవాలంటే, మనలాంటి వీసాల వాళ్లు మొదలుపెట్టే రోజుకి మూడేళ్లు ఇక్కడ నివాసం ఉండి ఉండాలి. చదువుకోసం ఇచ్చిన వీసా అయితే కుదరదు, డిపెండెంట్‌కి కుదురుతుంది. మీ లెక్క చూడండి: ఏ-లెవెల్స్ (ఇయర్ 13 చివరి పరీక్షలు) అయ్యాక వచ్చే సెప్టెంబరుకు మీకు రెండేళ్లు దాటి ఒక నెల. ఆ ఏడు రాదు. మరుసటి సెప్టెంబరుకు వస్తుంది. కాబట్టి మధ్యలో ఒక ఏడు ఖాళీ. డిపెండెంట్ పని చేసుకోవచ్చు, ఏ వర్క్‌షాప్‌లోనో చేరనివ్వండి.

"ఏడాది వృథా" అనుకోకండి. వెంటనే యూనివర్సిటీలో వేస్తే, సెటిల్డ్ స్టేటస్ (శాశ్వత నివాస హక్కు) లేదు కాబట్టి సాధారణంగా విదేశీ విద్యార్థి ఫీజు పడుతుంది, అది 9,535తో పోయేది కాదు. మా పెద్దాడికి ఈ సంగతి తెలియక ఆ ఫీజే కట్టాను, ఇంకా కడుతున్నాను.

ఎంట్రీ తేదీ కాగితాలు, స్కూలు లెటర్లు దాచండి. వాడు నెలల తరబడి ఇండియాలో ఉండకుండా చూడండి. యుద్ధవిమానాలు చేసే కంపెనీలకు సెక్యూరిటీ క్లియరెన్స్ ఉంటుంది, అక్కడ ఐదేళ్ల నివాసం అడుగుతారు, కొన్ని పోస్టులకు పౌరసత్వమే కావాలి. ఎయిర్‌బస్ రెక్కలు బిగించే బ్రాటన్ వేల్స్‌లో ఉంది, అక్కడి నిబంధనలు వేరు. రూల్స్ ఏటా మారుస్తారు, అప్లై చేసే ఏడు సర్కారు ఫండింగ్ రూల్స్ మళ్లీ చదవండి.

అప్లికేషన్ యూనివర్సిటీలకు అప్లై చేసే యూకాస్‌లో కాదు, నేరుగా కంపెనీకే. శరదృతువులోనే తెరుస్తారు, కొన్ని క్రిస్మస్ లోపే మూసేస్తారు. ఎవరైనా కన్సల్టెన్సీ "సీటు ఇప్పిస్తాం" అని డబ్బు అడిగితే ఫోన్ పెట్టెయ్యండి. ఇందులో పిల్లాడు కట్టేది పైసా లేదు.

తెనాలి కోడలు, బ్రిస్టల్:

అన్నయ్యగారూ, మీరు చెప్పకపోతే మేము ఒక ఏడు ముందే అప్లై చేసి బోర్లాపడేవాళ్లం. అమ్మాయీ, ఇంటర్వ్యూలో ఏం అడుగుతారమ్మా?

రివెట్ పిల్ల:

మార్కులు చూసేసే ఉంటారు ఆంటీ. "చేత్తో ఏం బాగుచేశావు, ఎక్కడ తప్పు చేశావు" అని అడుగుతారు. మిక్సీయో సైకిలో విప్పనివ్వండి, పాడైపోతే పోనివ్వండి. ఒక శనివారం ఫిల్టన్‌లోనే ఉన్న ఏరోస్పేస్ బ్రిస్టల్ మ్యూజియానికి తీసుకెళ్లండి. 2003 నవంబరులో ఆఖరిసారి ఎగిరిన కాంకార్డ్ (ధ్వనికంటే వేగంగా వెళ్లే ప్రయాణికుల విమానం) అక్కడే దిగింది, అక్కడే ఉంది. లోపలికి ఎక్కనిస్తారు. తలుపు పక్కన రివెట్ల (రేకుల్ని కలిపి బిగించే మేకుల) వరస చూపించి, వాడు అక్కడ ఎంతసేపు నిలబడతాడో చూడండి.

తెనాలి కోడలు, బ్రిస్టల్:

వెళ్లొచ్చాం. నలభై నిమిషాలు. నా కాళ్లు పీకాయి. రాత్రి మామగారికి ఫోన్ చేసి, కంపెనీ వాళ్లే జీతమిచ్చి ఇంజనీరింగ్ చదివిస్తారు అని చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "జీతం ఎంతంటా?" అన్నారు.