అప్‌డేట్: ట్రైలర్ రబ్బరు పైకప్పు కడిగేశాను

పోయిన నెల అడిగాను కదా, మా 2006 మోడల్ క్యాంపింగ్ ట్రైలర్ పైకప్పు ముట్టుకుంటే చేతికి సుద్దలా అంటుకుంటోంది, వానొస్తే పక్కలకి తెల్లచారలు దిగుతున్నాయి అని. మీరన్నట్టే ప్రెషర్ వాషర్ జోలికి పోలేదు. పెట్రోలియం క్లీనర్లూ ముట్టలేదు, మా పైకప్పుది ఈపీడీఎం అనే సింథటిక్ రబ్బరు, అది వాటికి ఉబ్బిపోతుంది. గిన్నెలు తోమే సబ్బునీళ్లు, మెత్తటి బ్రష్షు, అంతే. మూడడుగుల మేర రుద్దడం, వెంటనే కడగడం. కింద మా ఆవిడ గోడల మీద పైపుతో నీళ్లు వదులుతూనే ఉంది, లేకపోతే ఆ పాలలాంటి నీళ్లు అక్కడే ఎండిపోయేవి.

మురికి పోయాక అసలు సంగతి బయటపడింది. పైకప్పు మీది వెంట్ (గాలి పోయే కంత) చుట్టూ నీళ్లు దిగకుండా పూసిన సీలెంట్ నెర్రెలిచ్చింది, గోరు పెడితే పెచ్చు ఊడొచ్చింది! ఈ ఆదివారం ఒహాయోలో ఎండ కాస్తే దానంతటదే సమంగా పరుచుకునే సెల్ఫ్ లెవలింగ్ సీలెంట్ వేస్తాను. సుద్ద మాత్రం పూర్తిగా పోలేదు, రబ్బరు ముసలిదైంది మరి.