చికున్‌గున్యా తగ్గాక నెలల తరబడి కీళ్ల నొప్పులు: పోయిన కూలికి ప్రభుత్వం డబ్బులివ్వాలా?

సీమపిల్లోడు:
జ్వరం వారంలో పోతుంది, అసలు దెబ్బ తర్వాతే. మడమ నేలకి ఆనించలేరు, పిడికిలి బిగియదు, ఇంక కొడవలేం పట్టుకుంటారు. మావైపు చెనక్కాయలు పీకే టైమ్‌లో ఇంటికొకరు ఇట్లనే పడినారు. జీతగాళ్లకి సిక్ లీవ్ ఉంది, కూలోళ్లకేముంది? నెలకి ఎంతో కొంత ఇవ్వాల్సిందే అంటాను నేను.

లెక్కలబాబాయ్:
జాలి సరే తమ్ముడూ, నొప్పి ఉందని తేల్చేదెవరు? సగం మంది టెస్టే చేయించరు, ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకుని వచ్చేస్తారు. రేపు స్కీమ్ పెడితే ఊరందరికీ కీళ్ల నొప్పులే 😀 ఆ డబ్బు దోమల మీద పెట్టండి.

పీహెచ్‌సీ అక్క:
బాబాయ్ గారూ, 2005 చివర్లో ఈ జబ్బు మళ్లీ బయటపడింది మన ఏపీలోనే, 2006లో దేశం మొత్తం మీద దాదాపు 14 లక్షల అనుమానిత కేసులు. ఆ ఏడాది మీద వేసిన ఒక అంచనాలో జబ్బు భారంలో 69 శాతం తర్వాత మిగిలిపోయిన కీళ్ల నొప్పులదేనని తేలింది, పోయిన ఆదాయం తక్కువలో తక్కువ 39 కోట్లు.

లెక్కలబాబాయ్:
39 కోట్లని 14 లక్షల మందికి పంచితే తలకి 280 రూపాయలు. దీనికో స్కీమా అక్కా?

పీహెచ్‌సీ అక్క:
అక్కడే ఉంది తిరకాసు. అప్పటి ఉపాధి కూలి 80 రూపాయలు, అంటే 280కి మూడున్నర రోజుల పని, జ్వరం దిగడానికే చాలదు అది. చాలామంది రెండు మూడు వారాల్లో లేచి తిరుగుతారు, కొందరు మాత్రం ఆర్నెల్లు, ఏడాది లాగుతారు, సగటు తీస్తే వాళ్లు మాయమైపోతారు. పైగా ఉపాధి పనిలో కూలి కొలతని బట్టి కదా, గడ్డపార ఎత్తలేని మనిషిని గ్రూపులో ఎవరు కలుపుకుంటారు, అందరి కూలీ తగ్గుతుంది. ఇక మాత్రలకి అప్పు, దానిమీద నూటికి మూడు వడ్డీ, ఇవేవీ ఏ లెక్కలోకీ రావు.

హైదరాబాదీ:
ఈఎస్‌ఐ ఉన్నోళ్లకి ఏడాదిలో 91 రోజుల దాకా 70 శాతం జీతం ఇస్తరు కదన్నా, డాక్టర్ రాస్తే చాలు. వాళ్లు దొంగలు కారు గానీ కూలోళ్లు మాత్రం దొంగలా?

లెక్కలబాబాయ్:
ఈఎస్‌ఐకి జీతంలోంచి కడతారు బాబూ. ఇక్కడ కట్టేదెవరు?

సీమపిల్లోడు:
2019లో ఏపీలో ఆరోగ్య ఆసరా పెట్టినప్పుడు ఎవరు కట్టినారు? ఆపరేషన్ అయినోళ్లకి రెస్ట్ రోజులకి రోజుకి 225, నెలకి 5 వేల దాకా. గున్యాకి ఆపరేషన్ ఉండదు, అదే వీళ్లు చేసుకున్న పాపం.

పీహెచ్‌సీ అక్క:
రుజువు కావాలంటే ఐజీఎం అనే రక్తపరీక్ష ఉంది, కానీ జ్వరమొచ్చిన మొదటి రెండు నెలల్లోపే చేయించాలి, లేటైతే దొరక్కపోవచ్చు. ముందు ఆ టెస్ట్ ఊళ్లో దొరికేలా చూడమనండి బాబాయ్, డబ్బుల సంగతి తర్వాత కొట్టుకుందాం.

లెక్కలబాబాయ్:
టెస్ట్ వరకు ఓకే. డబ్బులకి మాత్రం ఇప్పటికీ నో.