ఏసీ-1, ఏసీ-2 తేడా విద్యార్థులకు పట్టుబడటం లేదు

పాథాలజీ బోధిస్తాను. ఐసీఎంఆర్ స్వల్పకాలిక పరిశోధన పథకం కింద నలుగురు ఎంబీబీఎస్ రెండో సంవత్సరం విద్యార్థులకు, లూపస్ (రోగనిరోధక వ్యవస్థ సొంత శరీరంపైనే దాడి చేసే జబ్బు) అనుమానం ఉన్నవారి ఏఎన్ఏ (కణ కేంద్రకానికి వ్యతిరేకంగా ఉండే యాంటీబాడీల పరీక్ష) స్లైడ్లు చదవడం నేర్పిస్తున్నాను. హెప్-2 కణాలు (ఈ పరీక్షకు వాడే మానవ కణాలు), ఇమ్యునోఫ్లోరెసెన్స్ (యాంటీబాడీ అంటుకున్న చోటు వెలిగే పద్ధతి), 1:80 పలుచన, 40ఎక్స్ లెన్సు. గడువు రెండు నెలలు. మూడు వారాలు గడిచిపోయాయి.

పాజిటివా, నెగటివా అన్నది నలుగురూ తడబడకుండా చెబుతున్నారు. చిక్కంతా కేంద్రకం అంతా ఒకే తీరుగా వెలిగే హోమోజీనియస్ (ఏసీ-1), సన్నని చుక్కలుగా వెలిగే డెన్స్ ఫైన్ స్పెకిల్డ్ (ఏసీ-2) నమూనాల దగ్గరే. రెండింటిలోనూ మెటాఫేజ్ (కణం విభజన చెందుతున్న దశ) క్రోమోజోములు వెలుగుతాయి. ఆ వెలుగు కనబడగానే మా వాళ్లు ఏసీ-1 అని రాసేస్తున్నారు. ఇది వదిలేయదగ్గ పొరపాటు కాదు. ఏసీ-1 లూపస్ అనుమానాన్ని పెంచుతుంది; ఏసీ-2 ఏ జబ్బూ లేనివారిలోనూ తరచూ కనిపిస్తుంది. గత వారం 40 స్లైడ్లు చదివిస్తే, విద్యార్థుల జవాబులకూ నా జవాబులకూ మధ్య సగటు కాపా (ఏకీభావాన్ని కొలిచే సంఖ్య; 1 అంటే పూర్తి ఏకీభావం) 0.38 వచ్చింది.

ఐక్యాప్ (ఏఎన్ఏ నమూనాలపై అంతర్జాతీయ ఏకాభిప్రాయ బృందం) చిత్రాలు చూపించాను. వాటిలో అయితే అందరూ సరిగ్గానే చెబుతారు, అదే విచిత్రం! కాంతి తగ్గిపోతోందేమోనని స్లైడ్లను చీకట్లో 4 డిగ్రీల దగ్గర ఉంచి, తయారైన రోజే చదివించాను. ఒకరి జవాబు మరొకరికి తెలియకుండా ఇద్దరిద్దరి చేత చదివించాను. ఫలితం మారలేదు. ఏసీ-2ను నిర్ధారించుకోవడానికి వాడే డీఎఫ్ఎస్70 కిట్‌కు నిధులు లేవు, కాబట్టి కంటినే నమ్ముకోవాలి.

ఇంటర్‌ఫేజ్ (విభజన చెందని దశ) కేంద్రకంలోని చుక్కలను మైక్రోస్కోపు కిందే గుర్తుపట్టేలా కొత్తవారికి మీరు ఏ పద్ధతిలో నేర్పించారు?