ఆసియా క్రీడల్లో మనవాళ్ళ గురించి పిల్లలకు ఏ కథ చెబుతారు?

చెడుగుడు సారు:
నమస్తే అండీ. తూర్పు గోదావరిలో జడ్పీ హైస్కూల్లో పీఈటీని. మా బడిలో ఆసియా క్రీడల మీద చార్టు రాయిస్తున్నాను. 1951 ఢిల్లీలో 11 దేశాలు ఆడితే మనకు 15 స్వర్ణాలు, జపాన్ తర్వాత మనమే. 1982లో మళ్ళీ ఢిల్లీలో జరిగితే 13. 1990 బీజింగ్ దగ్గరికి వచ్చేసరికి, రాస్తున్న ఎనిమిదో తరగతి అమ్మాయి స్కెచ్ పెన్ను ఆపి "సార్, ఒకటి పక్కన ఇంకో అంకె ఉండాలేమో" అంది. లేదమ్మా, ఒకటే, అదీ కబడ్డీలో అన్నాను. తను మా జట్టులో కూతకెళ్ళే పిల్ల. అయినా "ఒక్కటేనా సార్" అని మొహం చిన్నబుచ్చుకుంది. ఉత్త అంకెలు రాయిస్తే లాభం లేదనిపించింది. మీరైతే ఎవరి గురించి చెబుతారు?

లాలాగూడ పెద్దాయన:
మాస్టారూ, 1962 జకార్తా ఫుట్‌బాల్ గురించి చెప్పండి. మా నాన్న రైల్వేలో పనిచేసేవారు, సాయంత్రమైతే బాల్ ఆడాల్సిందే. అన్నం తింటూ చెంబు ఒకచోట, గ్లాసు ఒకచోట పెట్టి ఆ ఫైనల్ ఎలా జరిగిందో చూపించేవారు. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం మన హైదరాబాదీ. మీలాగే బడిపంతులుగా చేసినవారు. అప్పటికే ఆయనకు క్యాన్సర్. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడాం. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. రహీం సాబ్ ఆయన్ని పక్కన కూర్చోబెట్టలేదు, ముందుకు తెచ్చి ఫార్వర్డ్‌గా ఆడించారు! నాన్న ఇక్కడికి వచ్చేసరికి చెంబును కంచం ఇవతలి నుంచి అవతలికి జరిపేవారు.

ఆ ఏడాది ఇజ్రాయెల్, తైవాన్ వాళ్ళను ఇండోనేషియా రానివ్వలేదు. అది తప్పని ఆసియా క్రీడల సమాఖ్యలో ఉన్న మన సోంధీ గారు అనడంతో అక్కడి జనం మనమీద మండిపడ్డారు. ఫైనల్లో స్టేడియమంతా మనకు ఎదురే. మళ్ళీ అదే కొరియా. పీకే బెనర్జీ ఒకటి, కుట్లు పడ్డ తలతో జర్నైల్ ఒకటి కొట్టారు. 2-1. ఆ జట్టులో మన అమ్ముగూడ తులసీదాస్ బలరాం, హైదరాబాద్ యూసుఫ్ ఖాన్ కూడా ఉన్నారు. 1963 జూన్‌లో రహీం సాబ్ పోయారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు మళ్ళీ స్వర్ణం రాలేదు. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

వైజాగ్ అక్క:
మా ఊరి జ్యోతి యర్రాజీ గురించి చెప్పండి సార్. 2023లో హాంగ్‌ఝౌ, 100 మీటర్ల హర్డిల్స్. పక్క లేన్ చైనా అమ్మాయి ముందే కదిలితే జ్యోతినీ తప్పుపట్టారు. తను వెళ్ళిపోలేదు, వాళ్ళతో అక్కడే వాదించి నిలబడింది. చివరికి ఇద్దర్నీ పరుగెత్తనిచ్చారు. 12.91 సెకన్లలో మూడో స్థానం. తర్వాత ఆ చైనా అమ్మాయిని డిస్‌క్వాలిఫై చేసి, జ్యోతికి రజతం ఇచ్చారు. అంత టెన్షన్‌లో, మళ్ళీ బ్లాక్స్ దగ్గర కూర్చుని పరుగెత్తడమంటే మాటలా?

కూతగాడు:
సార్, ఆ పాపకు ముందు 1990 సంగతే చెప్పండి. కబడ్డీకి పతకాలివ్వడం ఆ ఏడాదే మొదలు. ఆ ఒక్కటీ రాకపోయుంటే బీజింగ్ నుంచి స్వర్ణం లేకుండానే వచ్చేవాళ్ళం. అప్పటి నుంచి 2014 దాకా మగవాళ్ళ జట్టు వరసగా ఏడు గెలిచింది. 2018లో ఇరాన్ చేతిలో మగవాళ్ళు సెమీస్‌లో, ఆడపిల్లలు ఫైనల్లో ఓడారు. ఆ ఇరాన్ అమ్మాయిలకు నేర్పింది నాసిక్‌కు చెందిన శైలజా జైన్. మన ఆట మనవాళ్ళ దగ్గరే నేర్చుకుని మనల్ని కొట్టారు. అయితే ఆట పెరిగిందనే నేనంటాను. హాంగ్‌ఝౌలో మన అమ్మాయిలు చైనీస్ తైపీని (అంటే తైవాన్‌ని) 26-25తో, ఒక్క పాయింటుతో గెలిచారు. ఆ ఆటల్లో మనకు నూరో పతకం అదే.

చెడుగుడు సారు:
అందరికీ ధన్యవాదాలు. నూరో పతకం సంగతి ఇవాళ గ్రౌండులోనే చెప్పాను. "ఒక్క పాయింటా!" అని ఆ అమ్మాయి పరుగెత్తుకెళ్ళి, 1990 ఎదురుగా ఉన్న ఒకటిని ఎర్ర రంగుతో మళ్ళీ దిద్దింది. పెద్దాయన గారూ, రహీం గారి ఫొటో మీ దగ్గరేమైనా ఉందా? 1962 పక్కన అరచెయ్యంత చోటు వదిలిపెట్టాం.