పక్క సినగాగ్ (యూదుల ప్రార్థనా మందిరం) వాళ్ళు చలికాలం ప్రోగ్రామ్స్‌కి పిలిచారు, వేటికి వెళ్ళొచ్చు?

కిటికీపక్కసీటు:

మా పాప క్లాస్‌మేట్ వాళ్ళ అమ్మ నిన్న వాళ్ళ సినగాగ్ చలికాలం క్యాలెండర్ వాట్సాప్‌లో పంపి "మీకు వీలైనవాటికి రండి" అంది. చూస్తే డిసెంబర్ నుంచి జనవరి చివరిదాకా వారం వారం ఏదో ఒకటి ఉంది, పార్కులో పెద్ద మెనోరా (దీపాల స్టాండు) వెలిగించడం, లాట్కె (ఆలుగడ్డ అట్టు) పార్టీ, హనుక్కా అనే దీపాల పండగకి శుక్రవారం డిన్నర్, శనివారం రాత్రుళ్ళు తండ్రులూ పిల్లలూ కలిసి చదువుకోవడం, డిసెంబర్ 25న వాలంటీరింగ్, జనవరిలో చెట్ల పండగ. మాకు యూదుల పండగల గురించి తెలిసింది దాదాపు సున్నా. వాళ్ళది ఆర్థడాక్స్, అంటే పాత పద్ధతులు గట్టిగా పాటించేవాళ్ళు అని మాత్రం చెప్పింది.

నా డౌట్లు ఏంటంటే, ఇందులో మాలాంటి బయటివాళ్ళు నిజంగా వెళ్ళదగ్గవి ఏవి, మర్యాదకి పిలిచినవి ఏవి? ఖాళీ చేతులతో వెళ్ళలేం కదా, ఏం తీసుకెళ్ళాలి? మా ఆయన తల మీద ఏదైనా పెట్టుకోవాలా? పాప డ్రెయిడెల్ (హనుక్కా బొంగరం) ఆడాలని ఇప్పట్నుంచే గోల. ఇంకోటి, క్యాలెండర్‌లో ప్రతి ప్రోగ్రామ్ టైమూ ఒక్కోలా ఉంది, ఒకటి 3:50కి, ఒకటి 5:35కి, అసలు ఈ లెక్కేంటో అర్థం కాలా.

పాతకాపు:

ముందు ఆ టైమ్ సంగతి చెప్తా, అది అర్థమైతే సగం డౌట్లు పోతాయి. వాళ్ళకి రోజు మొదలయ్యేది సూర్యాస్తమయంతో. శుక్రవారం పొద్దు గుంకక ముందే, ఎక్కువ చోట్ల 18 నిమిషాల ముందు, షబ్బాత్ (వారంవారం వచ్చే విశ్రాంతి రోజు) దీపాలు వెలిగించేస్తారు, అక్కడ్నుంచి శనివారం చీకటి పడి నక్షత్రాలు కనిపించేదాకా ఆర్థడాక్స్ వాళ్ళు స్విచ్ ముట్టరు, కారు నడపరు, ఫోన్ తీయరు, రాయరు, డబ్బు పట్టుకోరు. చలికాలంలో పొద్దు తొందరగా పోతుంది కాబట్టి శుక్రవారం డిన్నర్ సాయంత్రమే మొదలైపోతుంది, చిన్నపిల్లలు కూడా మేలుకుని ఉంటారు. అదే ఎండాకాలం ఉత్తరాన ఉండే ఊళ్ళలో అయితే తొమ్మిదింటికి గానీ మొదలవ్వదు, పిల్లలు అప్పటికే పడుకునుంటారు. శనివారం కూడా అంతే, చలికాలంలో షబ్బాత్ తొందరగా అయిపోతుంది, బోలెడంత సాయంత్రం మిగిలిపోతుంది, అందుకే ఆ తండ్రీపిల్లల చదువూ పాటల కచేరీలూ పిజ్జా పార్టీలూ అన్నీ శనివారం రాత్రే పెట్టుకుంటారు. నన్నడిగితే వాళ్ళ కమ్యూనిటీ లైఫ్‌కి అసలు సీజన్ చలికాలమే, హనుక్కా ఒక్కటే కాదు. క్యాలెండర్‌లో తేదీ కంటే ముందు పొద్దు గుంకే టైమ్ చూడండి.

ఈ ఏడాది సంగతి ఇంకా తమాషా. 2026లో హనుక్కా డిసెంబర్ 4 సాయంత్రం మొదలవుతుంది, అది శుక్రవారం. అంటే మొదటి దీపమే షబ్బాత్‌తో కలిసొచ్చింది, హనుక్కా దీపం ముందు వెలిగించి ఆ తర్వాతే షబ్బాత్ దీపాలు వెలిగించాలి, ఒకసారి షబ్బాత్ మొదలైతే ఇక నిప్పు ముట్టుకోరు కదా. పైగా ఆ దీపం చీకటి పడ్డాక కూడా అరగంట వెలగాలి కాబట్టి ఆ రోజుకి పొడుగు కొవ్వొత్తులో ఎక్కువ నూనో పెడతారు. మీ 3:50 బహుశా అదే. 5:35 అన్నది శనివారం రాత్రిదో ఆదివారందో అయ్యుంటుంది, చూడండి. ఎనిమిదో దీపం కూడా డిసెంబర్ 11 శుక్రవారమే వస్తోంది, అదీ ఇదే లెక్క.

ఇక పార్కులో మెనోరాకి మాత్రం ఏ మొహమాటం లేకుండా వెళ్ళండి. అది పెట్టేదే బయటివాళ్ళు చూడ్డానికి. ఒక్కరోజు నూనె ఎనిమిది రోజులు వెలిగిన అద్భుతాన్ని నలుగురికీ చాటాలన్నది ఆ దీపాల రూల్‌లోనే ఉంది, అందుకే ఇళ్ళల్లో కూడా కిటికీలోనో గుమ్మం దగ్గరో పెడతారు. ఇలా బహిరంగంగా పెద్ద మెనోరా పెట్టడం హబాద్ అనే యూదు సంస్థ వాళ్ళు 1974లో ఫిలడెల్ఫియాలో ఇండిపెండెన్స్ హాల్ దగ్గర మొదలుపెట్టారు, 1979లో వాషింగ్టన్‌లో పెట్టినదానికి ప్రెసిడెంట్ కార్టరే వచ్చాడు. న్యూయార్క్ ఫిఫ్త్ అవెన్యూలో ఉన్నది 32 అడుగులు. 20 మూరలు దాటితే పైన దీపం కంటికి ఆనదని ఆ ఎత్తు దాటకూడదని వాళ్ళ ధర్మశాస్త్ర గ్రంథం తల్ముద్‌లో లెక్కుంది, వాళ్ళు క్రేన్ ఎక్కి వెలిగిస్తూ కూడా ఆ లెక్క తప్పరు, నాకదే భలే నచ్చుతుంది.

రాత్రిడ్యూటీ:

పాతకాపు గారు మెనోరా గురించి చెప్పేశారు, నేను డిన్నర్ గురించి చెప్తా, ఎందుకంటే ఇబ్బంది పడేది అక్కడే.

మొట్టమొదట, ఇంట్లో వండింది తీసుకెళ్ళకండి. ఎంత శుద్ధ శాకాహారం అయినా సరే. కోషర్ (వాళ్ళ ఆహార నియమాలు) అంటే పదార్థం ఒక్కటే కాదు, గిన్నె, గరిటె, పొయ్యి అన్నీ లెక్కే, పాపం ఆవిడ తీసుకోలేక వద్దనలేక నలిగిపోతుంది. సీల్ తీయని ప్యాకెట్ మీద కోషర్ గుర్తు ఉంటే పర్లేదు, అది కూడా ముందు ఫోటో పంపి అడగండి, మాంసం భోజనం అయితే పాలు కలిసిన స్వీట్ టేబుల్ మీద పెట్టలేరు. పూలు ఇద్దామనుకుంటే శుక్రవారం పొద్దు గుంకక ముందే, కుండీతో సహా పంపించేయండి, షబ్బాత్ మొదలయ్యాక నీళ్ళు పోసి సర్దడం వాళ్ళకి చిక్కు. వైన్ అయితే అసలొద్దు, ఇచ్చినా మీరు ఓపెన్ చేసి పోయడం మాత్రం వద్దు, మరిగించని వైన్‌కి ఎవరు పోశారన్న దాని మీద కూడా రూల్ ఉంది, తప్పుగా అనుకోకండి, మీ మీద కోపం కాదు అది.

టేబుల్ దగ్గర ఇంకోటి. వైన్ మీద కిద్దూష్ అనే ప్రార్థన అయ్యాక అందరూ లేచి చేతులు కడుక్కొస్తారు, కడుక్కున్న దగ్గర్నుంచి రొట్టె ముక్క నోట్లో పడేదాకా ఎవరూ మాట్లాడరు. కొత్తవాళ్ళకి ఇది తెలీక "ఏమైందండీ అందరూ అలిగారా" అన్నట్టు చూస్తుంటారు, పలకరించి జవాబు రాకపోతే ఫీలవుతారు. రెండు నిమిషాలు నవ్వుతూ కూర్చోండి, ఆ తర్వాత గోల గోలే, పాటలు కూడా. బాత్రూమ్‌కి వెళ్తే లైటు ఆర్పకండి, అలవాటులో చెయ్యి స్విచ్ మీదకి పోతుంది, అది ఆర్పితే తెల్లారేదాకా చీకటే. ఫోన్ కార్లో పెట్టేసి వెళ్ళడం బెస్ట్, ఫోటోల సంగతి మర్చిపోండి.

మీ ఆయనకి: సినగాగ్ గుమ్మం దగ్గర మామూలుగా బుట్టలో కిప్పాలు (చిన్న టోపీలు) పెట్టుంటాయి, ఒకటి తీసి పెట్టుకోమనండి, మతం మారినట్టేం కాదు. ఆడవాళ్ళకి మగవాళ్ళు, మగవాళ్ళకి ఆడవాళ్ళు షేక్‌హ్యాండ్ ఇవ్వకపోవచ్చు, కాబట్టి ముందు మనం చెయ్యి చాచకుండా వాళ్ళు చాస్తే అప్పుడు ఇస్తే సరి. మీరు మోకాళ్ళు, భుజాలు కప్పే బట్టలు వేసుకుంటే చాలు.

డోనట్_డిపార్ట్‌మెంట్:

ఇంత సీరియస్ ఎందుకు బాసూ, హనుక్కా అంటే వాళ్ళ క్రిస్మస్ కదా, గిఫ్టులు పట్టుకెళ్ళండి, తినండి, రండి. నూనెలో వేయించినవే అన్నీ, ఆలుగడ్డ లాట్కెలు, లోపల జామ్ పెట్టిన సుఫ్గనియోత్ అనే డోనట్లు, డైట్ సంగతి జనవరిలో చూసుకోవచ్చు 😄

పాతకాపు:

డోనట్ బ్రదర్, తిండి విషయం కరెక్టే గానీ "వాళ్ళ క్రిస్మస్" అని అక్కడ మాత్రం అనకు. శాస్త్రం ప్రకారం చూస్తే హనుక్కా చిన్న పండగ, పనికి సెలవు కూడా అక్కర్లేదు. క్రీ.పూ. 164లో మక్కబీలనే యూదు తిరుగుబాటుదారులు సెల్యూకిడ్ అనే గ్రీకు వంశపు రాజు ఆంటియోకస్ సైన్యాన్ని కొట్టి జెరూసలేం దేవాలయాన్ని మళ్ళీ శుద్ధి చేసుకున్నారు, ఒక్కరోజుకి సరిపడా నూనె ఎనిమిది రోజులు వెలిగిందని తల్ముద్ చెప్తుంది, నూనె వంటలు అందుకే. అసలు ఆ పండగ పుట్టిందే మా పద్ధతి మేం వదులుకోం అన్న పట్టుదలలోంచి, దాన్ని తీసుకెళ్ళి ఇంకోరి పండగకి జిరాక్స్ అంటే ఎలా ఉంటుంది చెప్పు. గిఫ్టుల హడావిడి డిసెంబర్‌లో పక్కపక్కనే పడటం వల్ల అమెరికాలో పెరిగింది, పాతకాలంలో పిల్లలకి కాసిని చిల్లర డబ్బులు ఇచ్చేవాళ్ళు, ఇప్పుడా ప్లేస్‌లో నాణెం ఆకారం చాక్లెట్లు.

కిటికీపక్కసీటు గారూ, పాప డ్రెయిడెల్‌కి ఆ చాక్లెట్లే పందెం. బొంగరానికి నాలుగు వైపులా నాలుగు హీబ్రూ అక్షరాలు, నూన్ పడితే ఏమీ రాదు, గిమెల్ పడితే కుప్ప మొత్తం మీదే, హే పడితే సగం, షిన్ పడితే ఎదురు ఒకటి పెట్టాలి. ఇజ్రాయెల్‌లో షిన్ బదులు పే ఉంటుంది. ఐదు నిమిషాల్లో వచ్చేస్తుంది, ఓడిపోయి ఏడిస్తే మాత్రం నాకు సంబంధం లేదు.

మొక్కలపిచ్చి:

ఎవరూ చెట్ల పండగ గురించి చెప్పట్లేదేంటి! నా ఓటు దానికే. తూ బిష్వాత్ అంటారు, షెవాత్ నెల 15, పున్నమికి వస్తుంది. మొదట్లో ఇది పండగ కూడా కాదు, చెట్ల వయసు లెక్క తేదీ, ఎందుకంటే నాటిన మొదటి మూడేళ్ళ పండ్లు తినకూడదు, తర్వాతవాటిలో భాగం ఇవ్వాలి, మరి ఏ చెట్టుకి ఎన్నేళ్ళో తేల్చడానికి ఒక తేదీ కావాలి కదా. ఒకరకంగా చెట్లకి ఆర్థిక సంవత్సరం అనుకోండి. తర్వాత సఫెద్ ఊరి కబ్బాలా (యూదుల మార్మిక విద్య) పండితుల సంప్రదాయంలోంచి పండ్లతో వరసగా చేసే విందు పుట్టింది. నాలుగు గ్లాసులు తాగుతారు, మొదటిది పూర్తిగా తెల్ల వైన్, రెండోదాంట్లో కాస్త ఎరుపు, మూడోదాంట్లో ఎక్కువ ఎరుపు, నాలుగోది ఎర్రగా, పిల్లలకి ద్రాక్షరసం. పండ్లు కూడా వరసే, పైన పెంకున్నవి, లోపల గింజున్నవి, మొత్తం తినగలిగేవి. అంజూర, దానిమ్మ, ఆలివ్, ఖర్జూరం తప్పకుండా ఉంటాయి. బయట మంచు కురుస్తుంటే లోపల కూర్చుని ఇజ్రాయెల్‌లో బాదం చెట్లు పూస్తున్నాయని పాడుకుంటారు, యూరప్ చలిలో తాజా పండ్లు దొరక్క ఎండు పండ్లతోనే కానిచ్చేవాళ్ళు, ఆ అలవాటు ఇప్పటికీ ఉంది. ఇది బయటివాళ్ళకి చాలా ఈజీగా ఉంటుంది, ప్రార్థన తక్కువ, తినడం ఎక్కువ.

కాకపోతే 2027లో అది జనవరి 23, శనివారం పడింది. అంటే శుక్రవారం రాత్రి డిన్నర్‌లోనే కలిపి పెడితే రాత్రిడ్యూటీ గారు చెప్పిన షబ్బాత్ రూల్సన్నీ వర్తిస్తాయి, వేరే రోజు పెట్టుకుంటే ఫ్రీ. అది కనుక్కోండి.

కిటికీపక్కసీటు:

అందరికీ థాంక్స్ అండీ, ఇంత వస్తుందనుకోలేదు. ఇంకో రెండు. రిజిస్ట్రేషన్ ఫామ్‌లో అందరి పేర్లూ ఐడీ కూడా అడుగుతున్నారు, గేటు దగ్గర సెక్యూరిటీ ఉంటుందని రాశారు, అది కామనేనా? డిసెంబర్ 20న ఏ ప్రోగ్రామూ లేదు, "ఉపవాసం ముగింపు" అని టైమ్ మాత్రం ఉంది, అదేంటి? ఆవిడ వచ్చే ఏడాది క్యాలెండర్ కూడా పంపింది, అందులో పూరిమ్ అనే పండగ మార్చి 23న ఉంది, ఈ ఏడాది మార్చి మొదట్లోనే అయిపోయింది కదా?

రాత్రిడ్యూటీ:

సెక్యూరిటీ కామన్. 2018 అక్టోబర్‌లో పిట్స్‌బర్గ్ సినగాగ్‌లో షబ్బాత్ ప్రార్థన టైమ్‌లో 11 మందిని కాల్చి చంపారు, ఆ తర్వాత చాలా చోట్ల కాపలా పెంచేశారు. పేర్లు ముందే ఇచ్చేయండి, చెప్పకుండా ఎక్స్‌ట్రా ఫ్రెండ్స్‌ని వెంటబెట్టుకుని వెళ్ళకండి, పెద్ద బ్యాగులు వద్దు. గేటు దగ్గర "ఎవరు పిలిచారు" అని అడిగితే ఆవిడ పేరు చెప్పండి, అవమానంగా తీసుకోవద్దు, వాళ్ళ పిల్లలు లోపలున్నారు మరి.

పాతకాపు:

డిసెంబర్ 20 తెవెత్ నెల పదో రోజు, బాబిలోన్ రాజు నెబుకద్నెజర్ జెరూసలేంని ముట్టడి వేసిన రోజు. తెల్లారుజాము నుంచి చీకటి పడేదాకా నీళ్ళు కూడా తాగరు, చలికాలం పగలు చిన్నది కాబట్టి కాస్త నయం. ఆ రోజు పిల్లల్ని ఆడుకోడానికి పంపండి పర్లేదు, కాఫీకి మాత్రం పిలవకండి.

పూరిమ్ సంగతి, వాళ్ళకీ అధిక మాసం ఉంటుంది, 19 ఏళ్ళలో ఏడు సార్లు. 2027లో అదార్ నెల రెండుసార్లు వస్తుంది, పూరిమ్ రెండో అదార్‌లో చేస్తారు, అందుకే అంత లేటు. హనుక్కా కూడా అలాగే జరుగుతూ ఉంటుంది, 2013లో అయితే థాంక్స్‌గివింగ్ రోజునే పడింది, 2024లో మొదటి దీపం డిసెంబర్ 25 సాయంత్రం.

అన్నట్టు ఆ 25 వాలంటీరింగ్ వదలొద్దు. క్రిస్మస్ చేసుకునేవాళ్ళు ఆ రోజు ఇంట్లో ఉండాలని వీళ్ళు వంటశాలల్లోనూ వృద్ధాశ్రమాల్లోనూ వాళ్ళ డ్యూటీ పంచుకుంటారు. కానీ ఈసారి 25 శుక్రవారం, కాబట్టి పొద్దున షిఫ్టుకే పేరు రాయించుకోండి, మధ్యాహ్నం దాటాక వాళ్ళందరూ ఇళ్ళకి పరిగెత్తుతారు.

కిటికీపక్కసీటు:

సరే, పార్కు మెనోరా, 25 పొద్దున షిఫ్టు ఫిక్స్. చెట్ల పండగ ఏ రోజో ఆవిడకి మెసేజ్ పెట్టా. శుక్రవారం డిన్నర్‌కి మా ఆయన ఫోన్ కార్లో వదిలేస్తాడా లేదా అన్నదాని మీద ఇంట్లో చర్చ నడుస్తోంది.